పధ్నాలుగో లైనులో ఖాళీ

కిందటి వారం నోట్సమ్మను కంప్యూటర్ గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. ఆమె చేతిలో రెండు వైపులా అచ్చేసిన ఒకే ఒక్క కాగితం. ఎదురుగా, పాతికేళ్ళుగా ఆ గదిని నడిపించి ఈ శుక్రవారంతో రిటైరవుతున్న మాస్టారు. ఆస్పత్రి కంప్యూటర్లు మొరాయిస్తే ఏ కమాండు కొట్టాలో, దేని తర్వాత ఏది కొట్టాలో ఆయన తలకాయలో తప్ప ఇంకెక్కడా లేదు. అదంతా ఒక కాగితం మీదికి తెమ్మని సూపరింటెండెంటు ఆమెకు పురమాయించాడు. విన్నదల్లా రాసుకునే అలవాటు వల్ల ఆమెకా పేరొచ్చింది. ఉద్యోగంలో చేరిన ఈ ఆరు నెలల్లో నింపిన మూడు నోటు పుస్తకాలను వడగట్టి ఆ కాగితం తయారు చేసుకొచ్చింది. దాన్ని చూడగానే, ఎన్నడూ గొంతు పెంచని మాస్టారు, “ముందు దాన్ని చింపెయ్!” అని అరిచారు.

ఇంకొక్కటి గుర్తు చేసి ముందుకు వెళ్దాం. ఎనిమిదేళ్ళ కిందట ఇదే గదిలో రోగుల రికార్డులు పోగొట్టాడని ఉద్యోగంలోంచి పంపేసిన మనిషి నోట్సమ్మకు సొంత బాబాయి. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదనే ఆమె అనుకుంటోంది.

నోట్సమ్మ కాగితం చింపలేదు. ఎదురు మాట్లాడనూ లేదు. తలుపు దగ్గరగా వేసి, కాగితాన్ని ఇనప బల్ల మీద ఆయన కళ్ళజోడు పక్కన పెట్టి, చెయ్యి విరిగితే నల్ల టేపు చుట్టిన కుర్చీ లాక్కుని కూర్చుంది.

పొద్దున పదవుతోంది. బయట ఎండ చిటపటలాడుతున్నా ఆ గదిలో ఎప్పుడూ చలికాలమే. గోడవారగా కంప్యూటర్లు పేర్చిన మూడు నల్ల బీరువాలు, వాటిలో మినుకుమినుకుమంటున్న పచ్చ దీపాలు, ఎడతెగని ఏసీ హోరు. ఆ చలికి మాస్టారు ఏడాది పొడుగునా స్వెట్టరు, మఫ్లరుతోనే ఉంటారు.

“చింపుతాను మాస్టారూ. ఎందుకో చెప్పండి, మీ కళ్ళముందే చింపుతాను.”

అరిచినందుకు తనకే సిగ్గేసినట్టు ఆయన మఫ్లరు సర్దుకున్నారు.

“సూపరింటెండెంటు గారు అడిగింది న్యాయమే కదండీ. శుక్రవారం మీరు వెళ్ళిపోతారు. సోమవారం పొద్దున్నే డిస్కు నిండిపోయి ల్యాబు రిపోర్టులు ఆగిపోతే మేం ఎవర్ని అడగాలి?”

“నాకు ఫోన్ చెయ్యండి.”

“మీరు ఎత్తకపోతే?”

“ఎత్తుతాను.”

“స్నానం చేస్తుంటారు. కూరగాయలకి వెళ్తారు. మీ మనవరాలు ఫోన్ పట్టుకుని బొమ్మలు చూస్తుంటుంది. ఇక్కడ మూడొందలమంది బారులు తీరి నిలబడి, మాస్టారు వంకాయలు ఏరుకోవడం అయ్యేదాకా ఆగుతారా?”

మాస్టారికి నవ్వు రాబోయింది. ఆపుకున్నారు.

“కాగితం మంచిది కాదమ్మా,” అన్నారు నెమ్మదిగా. “మనిషిని అడిగావనుకో, ముందు ఏమైందంటాడు. తెర మీద ఏముందో చదవమంటాడు. ఏ కంప్యూటరు మీద కొడుతున్నావంటాడు. కాగితం ఏదీ అడగదు. ఉన్నది ఉన్నట్టు కొట్టెయ్ అంటుంది.”

“తప్పు లేకుండా రాస్తే?”

“నేనూ అలాగే అనుకున్నాను.”

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, కింది సొరుగు తెరిచి, కేబుళ్ళ చుట్టల అడుగునుంచి ఒక ప్లాస్టిక్ కవరు లాగారు. అందులో నాలుగు మడతలు పడ్డ కాగితం. మడతల దగ్గర అచ్చు చెరిగిపోయింది. రెండు వరసల్లో సన్నటి అక్షరాలు, పైన ‘ఆపదలో చూడవలసిన కమాండ్లు’ అని శీర్షిక.

“పధ్నాలుగో లైను చదువు. గట్టిగా.”

ఆమె వేలు పెట్టి వెతుక్కుంది. పాత రిపోర్టులు తీసేసి డిస్కులో చోటు చేసే లైను అది.

“ఆర్‌ఎమ్... గీత ఆర్‌ఎఫ్... స్లాష్ రికార్డ్స్ స్లాష్ ఓల్డ్,” అని చదివింది. ఆర్‌ఎమ్ అంటే తీసెయ్యమని. గీత పెట్టి పక్కన రాసే ఆర్‌ఎఫ్ అంటే, లోపల ఉన్నవాటితో సహా, మళ్ళీ నన్ను అడక్కుండా తీసెయ్యమని. రికార్డుల్లో ‘ఓల్డ్’ అనే అర ఉంది. పాతవి అందులో ఉంటాయి. “సరిగ్గానే ఉంది కదండీ?”

“ఇంకోసారి.”

ఇంకోసారి చదివింది. సరిగ్గానే ఉంది.

“అర్థం చదవకు, అక్షరాలు చదువు. కాగితం మీద ఏముందో అది.”

మూడోసారి ఆమె వేలు ఒక్కో గుర్తు దగ్గరా ఆగుతూ వెళ్ళింది. రికార్డ్స్. స్లాష్. అక్కడ ఆగిపోయింది. స్లాషుకీ ఓల్డుకీ మధ్య ఒక ఖాళీ ఉంది. ఆవగింజంత ఖాళీ.

ఆ ఖాళీ లేకపోతే యంత్రానికి వినిపించే మాట, ‘రికార్డుల్లో ఉన్న పాతవి తీసెయ్’ అని. ఖాళీ ఉంటే వినిపించేది, ‘రికార్డులన్నీ తీసెయ్. ఆ తర్వాత, పాతవంటూ ఏమైనా ఉంటే అవీ తీసెయ్’ అని.

“ఎవరు రాశారండీ ఇది?”

“నేను.”

“టైపు?”

“అదీ నేనే. గీసి, దిద్ది, మూడుసార్లు చూసుకున్నాను. రాసినవాడి కంటికి రాయాలనుకున్నదే కనిపిస్తుంది తప్ప, రాసింది కనిపించదు.”

ఎనిమిదేళ్ళుగా ఇంట్లో ఎవరూ ఎత్తని ఆ సంగతి ఒక్కసారిగా బల్ల మీదికి వచ్చి కూర్చున్నట్టయింది. బాబాయి అజాగ్రత్తగా కొట్టాడన్నారు. నిద్రమత్తులో కొట్టాడన్నారు. పొగరుతో కొట్టాడన్నవాళ్ళు కూడా ఉన్నారు.

“విచారణలో ఈ కాగితం చూపించారా మాస్టారూ?”

“లేదు.”

“ఎందుకని?”

మాస్టారు కళ్ళజోడు తీసి మఫ్లరు కొసతో తుడిచారు. నీళ్ళు నమలకుండా, ఎవరికో ఒప్పజెప్పాలని ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న పాఠంలా చెప్పుకొచ్చారు.

“ఆ మధ్యాహ్నం కింద వార్డులో ఉన్నాను. రిపోర్టులు కనిపించడం లేదని కబురొస్తే మెట్లెక్కి పరిగెత్తాను. అతను కుర్చీలో ఉన్నాడు. ముఖంలో నెత్తురు లేదు. తెర మీద ఆ లైను, బల్ల మీద ఈ కాగితం. తెర మీద చూశాక గానీ ఆ ఖాళీ నాకు కనబడలేదు. కనబడగానే కాగితం తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ముందు రికార్డులు వెనక్కి తెద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాను. పదకొండు రోజుల రికార్డులు వెనక్కి రాలేదు. జనానికి మళ్ళీ రక్తాలు తీశారు, మళ్ళీ ఎక్స్‌రేలు తీశారు. ఆపరేషన్లు వెనక్కి జరిగాయి. కమిటీ కూర్చుంది. నన్ను పిలవకముందే అతను ‘నా పొరపాటే’ అని సంతకం పెట్టేశాడు. ఇక నేను చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. అవసరం లేదు కదా అని నోరు మూసుకున్నాను. నాకు మూసుకోవాలని ఉంది కాబట్టే అవసరం లేదనిపించింది. ఇది తెలుసుకోవడానికి ఎనిమిదేళ్ళేం పట్టలేదు. ఆ రోజే తెలుసు.”

“ఆయన మా బాబాయి,” అంది నోట్సమ్మ.

ఆ మాటకు ఆయన ఉలిక్కిపడతారని అనుకుంది. మాస్టారు తల ఊపారంతే.

“తెలుసమ్మా. నువ్వు చేరిన వారానికే తెలిసింది. లైను కొట్టాక ఎంటర్ నొక్కే ముందు రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంటావు. ఒకసారి చదువుకుంటావు. అతనికీ అదే అలవాటు. అది నేను నేర్పింది కాదు, అతని సొంతం.”

“తెలిసి కూడా ఆరు నెలలు...”

“ఆరు నెలలుగా రోజూ పొద్దున ఇవాళ చెబుదామనే వస్తున్నాను.”

నోట్సమ్మకు కోపం వచ్చింది. అయితే అది అరుపుగా మారలేదు.

“మా బాబాయి ఇప్పుడు పుస్తకాలు బైండింగు చేస్తాడండీ. ఎనిమిదేళ్ళుగా కీబోర్డు ముట్టుకోలేదు. ఫోన్లో నంబరు నొక్కాలన్నా పక్కవాళ్ళకిస్తాడు. నేను ఈ ఉద్యోగంలో చేరతానంటే వద్దనలేదు, సరేననలేదు. ‘ఎంటర్ కొట్టేముందు ఆగు’ అన్నాడంతే. మీరు మా ఇంటికొచ్చి ఒక్కమాట చెప్పి ఉంటే చాలు.”

“చాలదమ్మా. ఇంటికొచ్చి చెబితే నా మనసు తేలికవుతుంది. అతని పేరు మీద పడ్డది అలాగే ఉంటుంది.”

“అయితే పేరు మీద పడ్డది తీసెయ్యండి.”

“శుక్రవారం లోపల రాసి...”

“శుక్రవారం దాకా ఎందుకు?”

మాస్టారు ఆమె వంక చూశారు. సొరుగులోంచి తెల్ల కాగితం తీశారు. పెన్ను మూత తీసి, తేదీ వేసి, గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టారు. పావుగంట పట్టింది. ఒక చోట ‘పొరపాటు’ అని రాసి, కొట్టేసి, ‘తప్పు’ అని రాశారు. ఇంకోచోట ‘చెప్పలేకపోయాను’ అని రాసి, దాన్నీ కొట్టేసి ‘చెప్పలేదు’ అన్నారు. కింద సంతకం పెట్టి ఆమె వైపు జరిపారు.

“సూపరింటెండెంటు బల్ల మీద పెట్టేముందు ఇది అతను చదవాలి. ఈ పాత కాగితం కూడా పట్టుకెళ్ళు. అతను సరే అంటే రేపు పొద్దున ఇద్దరం వెళ్ళి ఇద్దాం. వద్దంటే... వద్దన్నా ఇస్తాను. కానీ ముందు అతనికి తెలియాలి.”

నోట్సమ్మ రెండూ మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. తలుపు దాకా వెళ్ళింది కూడా.

“అది వదిలేసి పోతావేం?” అన్నారు మాస్టారు వెనకనుంచి. ఆమె తెచ్చిన కొత్త కాగితం ఆయన చేతిలో ఉంది. “సోమవారం డిస్కు నిండితే ఎవర్నడగాలి అన్నావు కదా. కూర్చో.”

ఆయనతో ఇంకో నిమిషం ఒకే గదిలో ఉండటం ఆమెకు ఇష్టం లేదు. కానీ బయట వరసల్లో నిలబడ్డ జనం బాబాయి కోసం రాలేదు, మాస్టారి కోసం రాలేదు. వాళ్ళకి వాళ్ళ రిపోర్టులు కావాలి. నోట్సమ్మ వెనక్కి వచ్చి కూర్చుంది.

ఇద్దరూ ఒక్కో లైనూ పైకి చదివారు. ఆమె కాగితం చూసి చదివితే ఆయన కళ్ళు మూసుకుని కీబోర్డు మీద కొట్టారు. ఆయన చదివితే ఆమె కొట్టింది. ఖాళీ వచ్చిన ప్రతిచోటా ‘ఖాళీ’ అని నోటితో అనాలన్నది మాస్టారి షరతు. డీఎఫ్, ఖాళీ, గీత, హెచ్. ఏ డిస్కు ఎంత నిండిందో చూడటానికి. ఆ మాట పక్కన, కొట్టాక తెర మీద ఏం కనిపించాలో కూడా రాయమన్నారు. అది కనిపించకపోతే చేతులు వెనక్కి తీసుకుని ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా.

తొమ్మిదో లైను దగ్గర ఆయన ఆగారు.

“ఇది ఒకటా, ఎల్లా?”

“ఎలా అంటే... ముందు ప్రింటరు ఆపాలండీ. ఆ తర్వాత...”

“ఎలా అని కాదే తల్లీ! ఎల్! ఎల్ అక్షరమా, ఒకటి అంకెనా అని!”

నోట్సమ్మ కాగితంలోకి తొంగి చూసింది. నిజమే, ఆ అచ్చులో రెండూ ఒకే నిలువు గీత. ఏది ఏదో కొట్టినామెకే తేలలేదు. కోపంగా ఉన్నదల్లా ఫక్కున నవ్వేసింది. నవ్వినందుకు మళ్ళీ తనమీద తనకే కోపం వచ్చింది.

అచ్చు మార్చారు. వరస మార్చారు. కమాండ్లను అక్షరక్రమంలో పెట్టింది ఆమె. మాస్టారు వద్దన్నారు. గాభరాలో ఉన్నవాడికి కమాండు పేరు గుర్తుండదు, వచ్చిన కష్టం ఒక్కటే తెలుస్తుంది. అందుకని ‘డిస్కు నిండింది’, ‘రిపోర్టు రావడం లేదు’, ‘లోపలికి రానివ్వడం లేదు’ అని కష్టాల పేర్లతో అరలు కట్టారు. ఖాళీ ఉన్న ప్రతిచోటా కంటికి ఆనేలా ఒక చిన్న డబ్బా గుర్తు గీశారు.

“మరి తీసెయ్యడం?” అంది ఆమె.

“తీసెయ్యడం అన్న మాట ఈ కాగితం మీద ఉండకూడదు. ముందు ఏమున్నాయో చూడు. తర్వాత వేరే డిస్కుకి జరుపు. వారం ఆగు. ఎవరూ అడగలేదంటే అప్పుడు ఇద్దరు కూర్చుని తీసెయ్యండి. ఒక్కరు కూర్చుని కాదు.”

భోజనాల వేళకి కాగితం పూర్తయింది. మాస్టారు దాని కింద తన పేరు రాయమనలేదు. తప్పు దొరికితే చెప్పండి అని రాసి, ఎవరైనా రాసేందుకు నాలుగు గీతల జాగా వదలమన్నారు.

సాయంత్రం ఎండ తగ్గాక నోట్సమ్మ బాబాయి ఇంటికి వెళ్ళింది. వీధిలోకి తెరుచుకునే ముందు గదే బైండింగు షాపు. గోడకి చేర్చి కట్టలు కట్టిన పాత రిజిస్టర్లు, బరువు పెట్టిన అట్టలు, గదంతా జిగురు వాసన. బాబాయి నేలమీద బాసింపట్టు వేసుకుని, ఒక లావుపాటి పుస్తకం వెన్నుకి గుడ్డ అంటిస్తున్నాడు.

“ఏంటి చిట్టీ, ఈ వేళప్పుడు? డ్యూటీ అయిపోయిందా?”

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు. పిన్నికి ఆ చప్పుడు లేకుండా పని చెయ్యడం రాదు. ఆవిడ కూడా ఆ ఆస్పత్రి రికార్డుల సెక్షన్‌లో పన్నెండేళ్ళు చేసింది. బాబాయిని పంపేసిన నెలకే తానూ మానేసింది. ఎందుకు మానేశావని ఎవరడిగినా, “ఆయన లేనిచోట నాకేం పని?” అని ముక్తసరిగా అనేది.

నోట్సమ్మ ఉపోద్ఘాతం లేకుండా మాస్టారు రాసిన కాగితం ఇచ్చింది. బాబాయి చేతులు గుడ్డకి తుడుచుకుని, వెలుతురు వైపు తిప్పి పట్టుకుని చదివాడు. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

“మాస్టారి అక్షరాలు ఇంకా అలాగే గుండ్రంగా ఉన్నాయే,” అన్నాడు. “పాపం, పెద్దాయన. ఎనిమిదేళ్ళూ మోశాడన్నమాట.”

“మోసింది నువ్వు బాబాయ్!”

ఆమె పాత కాగితం కూడా తీసి పరిచింది. వెతకాల్సిన పని లేకుండా ఆయన బొటనవేలు తిన్నగా పధ్నాలుగో లైను మీదికి వెళ్ళింది. స్లాషు పక్కన ఆగింది.

నోట్సమ్మ చూసింది. “నీకు తెలుసా?”

“ఈ ఖాళీయా? తెలుసు.”

“ఎప్పుడు తెలిసింది? కమిటీ అయ్యాకా?”

“కాదు. అది జరగడానికి రెండు రోజుల ముందు.” బాబాయి కాగితాన్ని మడతల వెంబడి నెమ్మదిగా మడిచాడు. “పెన్సిల్‌తో చుట్టూ గీద్దామనుకున్నాను. నలుగురూ చూస్తే మాస్టారు నొచ్చుకుంటారు, వీలు చూసుకుని ఆయన ఒక్కడికే చెబుదాంలే అని ఊరుకున్నాను. రెండు రోజులు వీలు కాలేదు. అంతే. చూసి కూడా చెప్పనివాడిది కాకపోతే తప్పు ఇంకెవరిది? అందుకే సంతకం పెట్టాను.”

“చూశావు. తెలుసు. తెలిసి తెలిసి అదే లైను ఎలా కొట్టావు?”

బాబాయి జిగురు బ్రష్షు చేతిలోకి తీసుకున్నాడు. అంటించాల్సిన గుడ్డ అంటించేసి ఉంది. బ్రష్షు మళ్ళీ డబ్బాలో పెట్టాడు.

“నా పొరపాటని రాసిచ్చాను చిట్టీ. నేను కొట్టానని ఎక్కడా రాయలేదు.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నోట్సమ్మ తలెత్తేసరికి గుమ్మంలో పిన్ని ఉంది. తడిచేతులు చీరకొంగుకి తుడుచుకుంటోంది. ఆరిపోయిన చేతుల్నే తుడుచుకుంటోంది.

“నువ్వు లోపలికి వెళ్ళు,” అన్నాడు బాబాయి, వెనక్కి తిరిగి చూడకుండానే. “దాంతో నీకేం పని లేదు.”

“ఎనిమిదేళ్ళుగా ఈ మాటే అంటున్నారు,” అంది పిన్ని. వచ్చి, రిజిస్టర్ల కట్ట మీద కూర్చుంది. మాస్టారు రాసిన కాగితం భర్త చేతిలోంచి తీసుకుని చదవకుండానే ఒళ్ళో పెట్టుకుంది. “ఆ పెద్దాయన తన తప్పు తన చేత్తో రాసిచ్చాక కూడా నేను దాక్కుంటే బాగుండదు. ఆ మధ్యాహ్నం మీ బాబాయి భోజనానికి కిందికి వెళ్ళారే చిట్టీ. ఆయన తిరిగొచ్చేదాకా ఆ కుర్చీలో కూర్చుంది నేను. ఆ లైను కొట్టింది నేను.”

బాబాయి “వద్దు” అన్నాడు, బతిమాలుతున్నట్టు.

పిన్ని ఆయన వైపు చూడలేదు.

“డిస్కు నిండిందని కొట్టలేదు. ఒక మనిషి రిపోర్టు ఆ పూటకి ఎవరి కంటా పడకూడదని కొట్టాను. అది పాతవాటిలో ఉంది, వాటితోపాటే పోతుందనుకున్నాను. అన్నీ పోయాయి. ఆ రిపోర్టు ఎవరిదో చెబుతాను, విను. విన్నాక, రేపు పొద్దున ఈ కాగితం సూపరింటెండెంటుకి ఇవ్వాలో వద్దో నువ్వే చెప్పు.”